లక్ష్మివారం గుడ్డు

ఎవరైనా "ఊరికేనే, విశేషం ఏం లేదు, రాత్రికి మా ఇంట్లో భోంచేసి వెళ్ళండి" అంటే చాలు, నా కాళ్ళు చల్లబడిపోతాయి. పిల్లల తల్లిని, తలకి రంగేసుకునే వయసొచ్చింది, అయినా అంతే. మా ఆయన నవ్వుతాడు. "తిండికి పిలిస్తే వణికే మనిషిని నిన్నే చూశానే" అంటాడు. నవ్వనీ, నాకేం. ఊరికే ఏటండీ, ఊరికే? పుట్టినరోజా, పెళ్ళిరోజా, ప్రమోషనా, ఏదో ఒకటి చెప్పి పిలవండి. హాయిగా వచ్చి మారు వడ్డించుకుని మరీ తింటాను. ఏమీ చెప్పకుండా మాత్రం నా కంచంలో మంచి ముక్క వెయ్యకండి.

మొన్నామధ్య పక్క ఫ్లాటావిడ సాయంత్రం తలుపు కొట్టి, గిన్నెడు కోడికూర నా చేతిలో పెట్టి, "పిల్లలకి పెట్టండి" అని వెళ్ళిపోయింది. ఆ గిన్నె బల్ల మీద పెట్టి నేను ముందు మా ఆయనకి ఫోన్ చేశాను. తర్వాత తమ్ముడికి. తర్వాత పిల్లల ట్యూషన్ టీచరుకి. అందరూ బాగానే ఉన్నారని తేలాక గాని మూత తియ్యలేదు. పాపం, ఆవిడకి కూర ఎక్కువైందట, అంతే. నవ్వుకోండి. కానీ నాలాగా జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళలో తిని పెరిగుంటే మీరూ అదే పని చేసుండేవాళ్ళు.

మేముండేది అగ్రికో కాలనీలో, క్వార్టర్లో. నాన్నకి స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. అమ్మ స్కూల్లో టీచరు. భీమిలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవులం. ఆదివారం చర్చి, చర్చి నుంచి వచ్చాక కోడికూర, తక్కిన రోజుల్లో పప్పూ కూరా, మధ్యలో ఎప్పుడైనా గుడ్డు. మా చుట్టాలంతా ఒక రాత్రీ ఒక పగలూ రైలెక్కితే గాని అందని దూరంలో ఉండేవారు. అందుకని ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళే చుట్టాలైపోయేవారు. వాళ్ళలో మాకు అందరికంటే దగ్గర అత్త వాళ్ళు.

అత్త అంటే నాన్నకి తోబుట్టువు కాదు. రక్తసంబంధం గోరంత కూడా లేదు. మావయ్యకి భాలుబాసాలో చిన్న కొట్టు ఉండేది. ఉప్పుడు బియ్యం, చింతపండు, నువ్వులు, ఎండు నెత్తళ్ళ చేపలు, మనవాళ్ళకి కావలసినవన్నీ అక్కడ దొరికేవి. నాన్న కొత్తగా వచ్చిన రోజుల్లో చింతపండు కొనడానికి వెళ్ళి, బేరమాడుతూ మాట జారి "బావా" అన్నాడట. "బావా అన్నావంటే మా ఆవిణ్ణి చెల్లెలన్నట్టే, మరి చెల్లెలింటికి భోజనానికి ఎప్పుడొత్తన్నావు?" అన్నాడట మావయ్య. ఆ ఆదివారమే వెళ్ళారు. ఇక అప్పట్నుంచీ వాళ్ళు మా ఇంటికీ మేం వాళ్ళింటికీ. నాన్నకి ఆఫ్ ఎప్పుడో అత్తకి మా అమ్మకంటే ముందే తెలిసేది.

వాళ్ళిల్లు సీతారామ్‌డేరాలో, పెంకుల వసారా ఉన్న ఇల్లు. వాళ్ళది ఇచ్ఛాపురం దగ్గర, ఒడిశా అంచున. అందుకని అత్త వంటలో సగం మనదీ సగం వాళ్ళదీ ఉండేది. కూరముక్కలన్నీ వేసి ఉడికించిన పప్పుని డాల్మా అనేది. పనసకాయ కూరకి ఆవ పెడితే ముక్కులోంచి నెత్తికెక్కేది. నెత్తళ్ళు కరకరలాడేలా వేయించి చారన్నంలోకి పెట్టేది. మావయ్య పక్కన కూర్చుని నా అన్నంలో గరిటెడు నెయ్యి పోసి, "మీ అమ్మకి సెప్పకే" అనేవాడు, అమ్మ ఎదురుగా కూర్చుని చూస్తుండగానే. వాళ్ళ కూతురిదీ నాదీ ఒకే వయసు. మేమిద్దరం ఒక కంచంలోంచి ఇంకో కంచంలోకి దొంగతనాలు చేసుకుంటూ, కొట్టుకుంటూ తినేవాళ్ళం. అది ఇంట్లో ఎవరేం అడిగినా హిందీలోనే జవాబు చెప్పేది. "నా కడుపున హిందీ పిల్ల ఎలగ పుట్టిందో" అని అత్త మొత్తుకునేది.

వాళ్ళు మా ఇంటికొస్తే వేరే తంతు. మా ఇంట్లో ప్రార్థన అవకుండా మెతుకు ముట్టుకోకూడదు, నాన్న ప్రార్థనేమో ఓ పట్టాన తెమలదు. మావయ్య బుద్ధిగా కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. కూర్చుని కూర్చుని, "బావా, మీ దేవుడికి చెవులు బాగానే ఇనిపిత్తాయి కదా, కూర సల్లారిపోతంది" అనేవాడు. నాన్న కళ్ళు తెరవకుండానే నవ్వేవాడు. మేం పగలబడి నవ్వితే మాత్రం అమ్మ తొడపాశం పెట్టేది.

ఒక్క లక్ష్మివారం నాడు మాత్రం మేం ఆ గడప తొక్కేవాళ్ళం కాదు. గురువారాన్ని వాళ్ళు లక్ష్మివారం అంటారు. మార్గశిరంలో అయితే ఇక చెప్పక్కర్లేదు. ఇల్లంతా బియ్యప్పిండి ముగ్గులు, వాటి మధ్య బుల్లి బుల్లి లక్ష్మీపాదాలు. ఆ రోజు ఉల్లిపాయే పొయ్యెక్కదు, ఇక గుడ్డూ చేపా మాంసమూ అయితే ఆ మాటే నోట్లోంచి రాకూడదు. వాటన్నిటినీ కలిపి అత్త నీచు అనేది. నైవేద్యం ఇంటివాళ్ళు తప్ప బయటివాళ్ళు తినకూడదు, అందుకని భోజనానికి ఎవర్నీ పిలవరు. ఓసారి నేను తెలియక ఆ రోజున వాళ్ళ వాకిట్లో నిలబడి పొద్దున్న ఆమ్లెట్ తిన్నానని గొప్పలు పోతే, అత్త నా మీద పసుపునీళ్ళు చిలకరించింది. నవ్వుతూనే, అనుకోండి. కానీ చిలకరించింది.

భయం ఎప్పుడు మొదలైందో చెప్తాను. మా పక్క క్వార్టర్లో ఇంకో తెలుగు కుటుంబం ఉండేది. ఓ బుధవారం నేను బడినుంచి వచ్చేసరికి ఆ ఇంటి పిల్ల మా వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. అమ్మ స్కూల్లో ఉండాల్సింది, ఇంట్లో ఉంది. పొయ్యి మీద కోడికూర. బుధవారం నాడు కోడికూరేంటి! నాకు సంతోషం ఆగలేదు. తీరా వడ్డించేసరికి కాలు ముక్క ఆ పిల్లకి, రెండో కాలూ ఆ పిల్లకే. నాకు మెడ. ఒళ్ళు మండిపోయింది. అమ్మ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెట్టింది. నాకు అలా ఎప్పుడు పెట్టిందో గుర్తు కూడా లేదు. ఆ పిల్ల వేళ్ళు నాక్కుంటూ తింది. చెయ్యి కడుక్కుంది. అప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి దాన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు. కాసేపటికి ఆ ఇంట్లోంచి ఏడుపు వినపడింది. పొద్దున్న హైవే మీద వాళ్ళ నాన్నని లారీ గుద్దేసిందట.

"మరి ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"ఖాళీ కడుపుతో పిల్లకి ఎలా చెప్తామే? ఇక ఆ ఇంట్లో పొయ్యి ఎప్పుడు వెలుగుతుందో ఏమో. ఊరినుంచి వాళ్ళవాళ్ళు రావాలి, వాళ్ళొచ్చేదాకా అంతా ఏడుపే, పిల్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది? ముందు కడుపు నిండాలి, తర్వాతే ఏదైనా" అంది అమ్మ, అంట్లు తోముతూ.

అది మా అమ్మ ఒక్కర్తి పద్ధతి కాదు. అక్కడి తెలుగువాళ్ళందరి పద్ధతీ అదే. సొంతూళ్ళో అయితే పిన్నులో మామ్మలో ఎవరో ఒకరు పిల్లల్ని చూసుకుంటారు. ఇక్కడ ఎవరున్నారు? అందుకని ఏ ఇంటి మీద పిడుగు పడినా ముందు ఆ ఇంటి పిల్లల్ని వేరే ఇంటికి తీసుకుపోయి, ఉన్నంతలో మంచిది వండి, కడుపునిండా పెట్టి, అప్పుడు చెప్పేవారు. ప్రేమతోనే చేసేవారు. నేనే దాన్ని భయంగా నేర్చుకున్నాను. మంచి ముక్క నీ కంచంలో పడిందంటే నీ ఇంట్లో ఎవరో పోయారన్నమాట. నా బుర్రకి అలా ఎక్కింది, ఎక్కి కూర్చుంది.

ఆ తర్వాత మా అమ్మ పనిలేని రోజున పాయసం కాస్తే నేను గేటు దగ్గరికెళ్ళి నాన్న కోసం నిలబడేదాన్ని. నాన్నది ఎ షిఫ్టు, అంటే పొద్దుటి డ్యూటీ అయితే మధ్యాహ్నానికి రావాలి. రాకపోతే రోడ్డు మలుపుదాకా వెళ్ళి చూసేదాన్ని. వస్తే, స్కూటరు దిగుతూ "ఏటే, కాపలా కాత్తన్నావా?" అనేవాడు. చెప్పడానికి సిగ్గేసేది. పాయసం తినేసేదాన్ని.

ఇక ఆ రోజు. చలికాలం, నేను నాలుగో క్లాసు, తమ్ముడు యూకేజీ. అమ్మతో కలిసి మేం బడినుంచి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. నాన్నది ఎ షిఫ్టే, ఈపాటికి వచ్చి పడుకుని ఉండాలి. ఒక్కోసారి వచ్చేదారిలో మావయ్య కొట్టు దగ్గర ఆగి కబుర్లలో పడతాడు, అలా ఆగుంటాడనుకున్నాం. అమ్మ తాళం తీస్తుండగా చర్చిలో పెద్దాయన ఒకాయన స్కూటరు మీద వచ్చి గేటు దగ్గర ఆగాడు. ఎప్పుడూ లోపలికి రాకుండా వెళ్ళని మనిషి, లోపలికి రాలేదు. అమ్మ గేటు దగ్గరికి వెళ్ళింది. ఆయన తల దించుకుని ఏదో చెప్పాడు. అమ్మ గేటు పట్టుకుంది.

తర్వాత మమ్మల్ని యూనిఫారాలు కూడా మార్చనివ్వలేదు. ఆటో ఎక్కించింది.

"ఎక్కడికమ్మా?"

"అత్త వాళ్ళింటికి."

"ఇవాళ గురువారం కదమ్మా! లక్ష్మివారం కదా!"

అమ్మ ఆటోవాణ్ణి తొందరగా పొమ్మంది. నాకు అప్పుడు మొదలైంది వణుకు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే చలికే అనుకుని అమ్మ కొంగు కప్పింది. "నాన్నేడి?" అన్నాను. "వస్తాడు" అంది. నా వైపు చూసి మాత్రం అనలేదు. మా అమ్మ అబద్ధం ఆడదు. అబద్ధమాడితే మా నాలిక మీద కారం రాసే మనిషి. అందుకే కాబోలు నా మొహం చూడలేకపోయిందనుకున్నాను.

అత్త వాకిట్లో ముగ్గు తొక్కకుండా అమ్మ పక్కనుంచి నడిచి, అత్తని వసారా మూలకి తీసుకెళ్ళింది. నేను స్తంభం చాటున నిలబడి చెవులు రిక్కించాను. "వీళ్ళ నాన్నకి ఒంట్లో బాగోలేదు వదినా. హాస్పిటల్లో చేర్చారు. పిల్లలకి చెప్పకు. నేను వచ్చేదాకా చూడు."

"ఓలమ్మో! అన్నయ్యకా!" అత్త గుండె మీద చెయ్యేసుకుంది. "నువ్వు ఎల్లు వదినా, పిల్లల సంగతి నాను సూసుకుంతాను. మా ఆయనకి కొట్టుకాడికి కబురెడతాను, కొట్టు కట్టేసి ఆస్పత్రికి ఎల్లిపోతాడు."

"వద్దొదినా!" అని అమ్మ గట్టిగా అనేసి, మళ్ళీ గొంతు తగ్గించింది. "వద్దు, నేనే మనిషిని పంపాను. నువ్వు ఇల్లు కదలకు. పిల్లలకి ఏదైనా పెట్టు." అని ఆటో ఎక్కేసింది. మమ్మల్ని ముద్దు పెట్టుకోకుండా వెళ్ళిపోయింది.

పిల్లలకి ఏదైనా పెట్టు. ఆ మాట వినగానే స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. ఒంట్లో బాగోలేకపోవడమేంటి, హాస్పిటలేంటి, నాకు తెలీదా? పక్కింటి పిల్లకీ ముందు ఏదైనా పెట్టే కదా చెప్పింది. నాన్న చచ్చిపోయాడు. చచ్చిపోయాడనే నేను అనుకున్నాను. ఆ మాట లోపల అనుకోవడానికి కూడా భయమేసి, దాన్ని మింగేసి, అత్త మొహం చూశాను. అత్త మొహం పక్కింటి పిల్లకి ముద్దలు పెట్టినప్పటి మా అమ్మ మొహంలాగే ఉంది.

అత్త కూతురు లూడో బోర్డు తెచ్చి పరిచింది. నేను పాచిక వెయ్యలేకపోయాను. "క్యా హువా తుఝే? బుఖార్ హై?" అంటూ నా నుదురు ముట్టుకు చూసింది. జ్వరమా అట. దానికేం, వాళ్ళ నాన్న కొట్లో చింతపండు తూస్తూ ఉండుంటాడు. సాయంత్రానికి ఇంటికొస్తాడు. దాన్ని చూస్తే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. లాగి ఒకటి ఇద్దామనిపించింది.

అత్త మా ముందు కూర్చుని, కళ్ళు తుడుచుకుని, "ఏటి తింతారమ్మా? ఏటి కావాలంటే అది వొండుతాను, సెప్పండి" అంది.

"గుడ్డు" అన్నాడు తమ్ముడు.

నేను వాణ్ణి గిల్లాను. లక్ష్మివారం, మార్గశిరం, దేవుడి గదిలో ఇంకా దీపం వెలుగుతోంది, ఎదురుగా ముగ్గులో లక్ష్మీపాదాలున్నాయి, వీడు గుడ్డంటాడా! ఇప్పుడు అత్త తిడుతుంది, పసుపునీళ్ళు తెస్తుంది అనుకున్నాను. తిట్టాలని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు. ఒక్క తిట్టు తిడితే చాలు, నాన్న బతికే ఉన్నట్టు.

"అలాగే నాన్నా" అంది అత్త.

లేచి, గోడవతల బెంగాలీ వాళ్ళింటికి వెళ్ళి, గిన్నెలో గుడ్లు తెచ్చింది. దేవుడి గది తలుపు దగ్గరగా వేసింది. వంటింట్లో కాకుండా పెరటి వసారాలో కిరసనాయిలు స్టవ్ వెలిగించి, ఎక్కడిదో పాత మూకుడు తోమి పెట్టింది. నూనె కాగిన వాసన, తర్వాత ఉల్లిపాయలు వేగిన వాసన. ఆ ఇంట్లో, ఆ రోజున! అత్త కూతురు ముక్కు ఎగబీల్చి, "మమ్మీ! ఆజ్ అండా?" అని, ఇవాళ గుడ్డేంటన్నట్టు కళ్ళు పెద్దవి చేసింది. "నీకు కాదు. నీకు ప్రసాదం ఉంది. వాళ్ళకి" అంది అత్త. అది మూతి ముడుచుకుంది. ఇన్నాళ్ళూ దాని కంచంలోంచి దొంగిలించిన దాన్ని, ఆ నిమిషాన మాత్రం నా గుడ్లన్నీ దానికే ఇచ్చేసి, దాని ప్రసాదం నేను తెచ్చుకుని తినేయాలనిపించింది.

ఇంకా చీకటైనా పడలేదు, కంచాలు పెట్టేసింది. ఆ ఇంట్లో మావయ్య రాకుండా ఎప్పుడూ కంచాలు పెట్టరు. "మావయ్య రాలేదు కదా అత్తా" అన్నాను, ఏదో ఒకటి అని ఆపుదామని. "మీ మావయ్య ఇప్పుడేటి వత్తాడమ్మా, ఆస్పత్..." అని నాలిక కరుచుకుని, "పనుంది, ఆలస్యంగా వత్తాడు. కూకోండి" అంది. తమ్ముడికీ నాకూ అన్నం, డాల్మా, పక్కన గుడ్ల కూర. రెండేసి గుడ్లు. తన కూతురికి కాస్త దూరంగా పీట వేసి పులిహోర, పరమాన్నం.

"మీరు పార్దన సేసుకుంతారు కదా, సేసుకోండి" అంది. ఆ ఇంట్లో మేం కళ్ళు మూసుకుని మనసులో అనుకునేవాళ్ళమే తప్ప ఎప్పుడూ పైకి చేసింది లేదు. "గట్టిగా సేసుకోండమ్మా. మీ పెబువు ఇంతాడు." అత్త నోట మా ప్రభువు మాట వినేసరికి నాకు ఇక అనుమానం మిగల్లేదు.

నేను మొదలుపెట్టాను. ప్రార్థన అయితే తినాలి. తింటే చెయ్యి కడుక్కోవాలి. చెయ్యి కడుక్కుంటే చెప్పేస్తారు. కాబట్టి ప్రార్థన అవకూడదు. నాకు తెలిసినవన్నీ చేశాను. నాన్నలాగే చేశాను. అన్నం పండించినవాళ్ళని, వండినవాళ్ళని, బడిని, టీచర్లని, చర్చిని, రైళ్ళలో ప్రయాణం చేసేవాళ్ళని, రోగుల్ని, ప్లాంటులో డ్యూటీలో ఉన్నవాళ్ళందరినీ దీవించమన్నాను. అత్తని, మావయ్యని, వాళ్ళింటిని దీవించమన్నాను. మాటలు అయిపోతే మళ్ళీ మొదటినుంచీ అందుకున్నాను. నాన్న పేరు దగ్గరికి వచ్చినప్పుడల్లా దాటేసి ముందుకెళ్ళేదాన్ని. తమ్ముడు "అక్కా, ఆకలేస్తోంది" అని ఏడుపు మొదలెట్టాడు. చివరికి వాడే "ఆమెన్" అనేసి గుడ్డు కొరికాడు. అత్త కూడా ఆమెన్ అంది, చేతులు జోడించుకుని.

వాడు తింటున్నాడు. బుగ్గలు నిండేలా, కాళ్ళూపుకుంటూ, ఒక గుడ్డు అయిపోగొట్టి రెండోదాని మీద చెయ్యేశాడు. వాడి గొంతు పట్టుకుని ఆపాలనిపించింది. వాడు తినేసినా నేను తినకపోతే చెప్పరు కదా అని లెక్కేసుకున్నాను. ఇద్దరం తినాలి కదా. నేను తిననంతసేపూ నాన్నకి ఏమీ కానట్టే. రేపటిదాకా తినను. ఎల్లుండిదాకా తినను.

"ఏటమ్మా, ముట్టుకోలేదు?" అత్త ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. పళ్ళు బిగించాను. "ఆకలి లేదత్తా." "అలగనకు. రెండు ముద్దలు తిను తల్లీ. మళ్ళీ ఎప్పుడు తింతావో ఏటో." అనేసి, కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఏడవలేదు. ఏడిస్తే నాకు తెలిసిపోయిందని తెలిసిపోతుంది, తెలిస్తే ఇక దాచరు. గోడవైపు చూస్తూ కూర్చున్నాను. ఒళ్ళంతా చెమట పట్టేసింది, ఆ చలిలో.

అప్పుడు స్కూటరు చప్పుడు వినపడింది. నాన్న స్కూటరు ఆగేముందు రెండుసార్లు దగ్గుతుంది. రెండుసార్లు దగ్గి ఆగింది. నేను నమ్మలేదు. ఎవరో నాన్న స్కూటరు తెచ్చారనుకున్నాను. గేటు తీసిన చప్పుడు, వాకిట్లో అడుగులు, గుమ్మంలో నాన్న.

కంచం ఎగిరి ఎక్కడ పడిందో తెలీదు. పరిగెత్తి వెళ్ళి ఆయన నడుముని పట్టుకున్నాను. "నాన్నా! నువ్వు చచ్చిపోలేదా! అత్తా, నాన్న చచ్చిపోలేదు, చూడు!" అని అరిచాను. నా జన్మలో అంత సంతోషం మళ్ళీ ఎరగను. పెళ్ళికి లేదు, పిల్లలు పుట్టినప్పుడు లేదు. గొంతు చిరిగిపోయేలా నవ్వుతూ అరుస్తున్నాను.

నాన్న నన్ను ఎత్తుకోలేదు. తల మీద చెయ్యి కూడా వెయ్యలేదు. చొక్కా గుండీలు సగం ఊడిపోయున్నాయి. ఆయన అత్తనే చూస్తున్నాడు.

"మీ తమ్ముడు... ఇంకా రాలేదా చెల్లెమ్మా?" అన్నాడు.

జరిగింది నాకు తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం నాన్న డ్యూటీ దిగి మావయ్య కొట్టు దగ్గర ఆగాడు. ఇద్దరూ టీ తాగుతుండగా మావయ్య గుండె పట్టుకుని బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. ఆటోలో వేసుకుని తీసుకెళుతుంటే దారిలోనే పోయాడు. ఇంట్లో ఆడమనిషి ఒక్కర్తీ ఉన్నప్పుడు చెప్పకూడదని పెద్దవాళ్ళు అనుకున్నారు. అత్త తమ్ముడు చక్రధర్‌పూర్‌లో రైల్వేలో పనిచేసేవాడు, అతను వచ్చి చెప్పాలని తీర్మానించారు. అంతదాకా అత్త బజారుకి పోకుండా, ఎవరి నోటా వినకుండా ఉండాలి. పిల్లలకి వండిపెట్టే పని అప్పగిస్తే ఇల్లు కదలదని అమ్మకి తట్టింది. అందుకని నాన్న మీద పెట్టి అబద్ధమాడింది. కానీ అమ్మ తెలిసినవాళ్ళకి కబురు చెప్పుకుంటూ హాస్పిటల్ చేరి ఆ అబద్ధం సంగతి నాన్నకి చెప్పేలోపలే, అత్త తమ్ముడు ఈపాటికి వచ్చేసి ఉంటాడనుకుని, నాన్న హాస్పిటల్ నుంచి బయల్దేరి, కొట్టు దగ్గర వదిలేసిన స్కూటరు తీసుకుని వచ్చేశాడు. ఆ తమ్ముడెక్కిన రైలు ఇంకా దారిలోనే ఉంది.

అత్త నాన్నని తల నుంచి కాళ్ళదాకా చూసింది. బాగానే ఉన్న మనిషి. తర్వాత నన్ను చూసింది. ఆ పద్ధతి ఆవిడకి మా అందరికంటే బాగా తెలుసు. మా నాన్నకి ఏమీ కాకపోతే మా అమ్మ మమ్మల్ని లక్ష్మివారం నాడు ఆ ఇంటికి ఎందుకు తెస్తుంది? మరి ఎవరికి ఏమైందని? ఆవిడ మొహంలో ఆ లెక్క తేలడం నేను నా కళ్ళతో చూశాను. ఇందాకటిదాకా నా ఒంట్లో ఉన్న వణుకు, అది అత్త గడ్డంలోకి వచ్చింది. నా నోట్లో నవ్వు అలాగే ఉండిపోయింది, ఏం చెయ్యాలో తెలీలేదు.

"మా ఆయనేడి అన్నయ్యా?" అంది, చాలా మెల్లిగా.

నాన్న నోరు తెరిచాడు. అత్త చటాలున చెయ్యెత్తి ఆపింది. ఇంకో చేత్తో వెనకాల ఉన్న కూతుర్ని చూపించింది. అది ఈ గొడవేమీ పట్టకుండా పులిహోరలో పల్లీలు ఏరుకుని తింటోంది.

అత్త పెరటి వసారాలోకి వెళ్ళింది. మూకుడులో మిగిలిన గుడ్డు గరిటెతో తీసి తెచ్చి, దేవుడి గది గుమ్మం ముందునుంచే నడిచి, కూతురి కంచంలో వేసింది. పరమాన్నం పక్కనే.

"సచ్? ఆజ్ తో గురువార్ హై నా, మమ్మీ?"

"పర్లేదమ్మా. తిను."

అది నా వైపు చూసి, గెలిచినట్టు నాలిక బయటపెట్టి వెక్కిరించింది. అత్త దాని పక్కన కింద కూర్చుని, వీపు మీద చెయ్యేసి, గుడ్డు నాలుగు ముక్కలు చేసి, అన్నంలో కలిపి ఒక్కో ముద్దా నోట్లో పెట్టింది. నాన్న గుమ్మం బయట నిలబడి, అది తినడం అయి చెయ్యి కడుక్కునేదాకా ఆగాడు.